ఊరుమ్మడి సుఖం

మిర్యాలగూడలో పెండ్లిళ్ళ కాలం వచ్చిందంటే పెండ్లి సామాను వేసుకున్న డీసీఎం వ్యాన్లు ఎదురవుతూనే ఉంటాయి. డబుల్ కాట్ మంచం, కవరు విప్పని పరుపు, నిలువుటద్దం బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, సోఫా సెట్టు, కూలరు, ఒకదాని మీద ఒకటి పేర్చిన స్టీలు బిందెలు. వెనక తలుపు పడక తాళ్ళతో బిగించి కట్టి ఉంటుంది. ఆ బండి ఆగే ఇల్లు చాలాసార్లు రెండు గదుల ఇల్లే. సామాను లోపలికి చేరాక మంచానికీ బీరువాకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఇంకా కోతకు రాని వడ్ల మీద ధీమాతో పిల్ల తండ్రి తెచ్చిన అప్పు కూడా ఆ బండిలోనే వస్తుంది. బిడ్డ సుఖపడాలని ఆయన ఆరాటం. దాన్ని నేను తప్పు పట్టను. ఒక పిల్ల సుఖంగా బతకాలంటే లోకంలో ఉన్న ప్రతి వస్తువూ ఆమె గదిలో ఒకటి ఉండాలన్న నమ్మకం మనకెప్పుడు కుదిరిందా అన్నదే నా బాధ.

మా మేనత్త ఇల్లు సాగర్ ఎడమ కాలువ కింద ఒక పల్లెలో ఉండేది. ఒక అర్ర, ఒక వసారా. ఇంటిల్లిపాది బట్టలు ఒక్క దండెం మీద పట్టేవి. వడ్లకు గుమ్మి, మంచి చీరలకు ట్రంకు పెట్టె, దువ్వెనకూ అద్దానికీ గోడలో గూడు. రెండు నులక మంచాలు. చుట్టాలు వస్తే పక్కిళ్ళ మంచాలు మా అత్త వాకిట్లోకి నడిచి వచ్చేవి, చుట్టాలు పోయాక తిరిగి పోయేవి. పాత చీరలు నాలుగు మడతలు వేసి కుట్టిన బొంతలు మాత్రం ఎన్ని ఉండేవో. అవి ఎవరింటికి పసిబిడ్డ వస్తే ఆ ఇంటికి పోయేవి. పట్నం నుంచి వచ్చిన మా అమ్మ ఒకసారి, "వదినా, ఓ రోలన్నా కొనుక్కోరాదూ" అంది. "నాకేం తక్కువైంది వదినా? రోలు పక్కింట్లున్నది, నిచ్చెన ఎదురింట్లున్నది. నడిచిపోయి తెచ్చుకునుడే గదా" అంది అత్త. ఆ నడిచిపోయి తెచ్చుకోవడంలో అరగంట ముచ్చట కూడా ఉండేది. రోలు కోసం పోయిన మనిషి పచ్చడి రుచి చూపించి వచ్చేది, ఆ ఇంట్లో ఎవరికి జ్వరమో తెలుసుకుని వచ్చేది.

ఇప్పుడు అందరిళ్ళలో మిక్సీ ఉంది. నాకూ ఉంది, అది లేకుండా నాకు గడవదు. చేతుల నొప్పి తీర్చిన వస్తువును కాదనే వ్యాసం కాదిది. కాకపోతే ఒకటి గమనించాను. ఇంట్లో సామాను పెరగడం, ఊళ్ళో ఉమ్మడి సొత్తు తరగడం ఒకే కాలంలో జరిగాయి.

తక్కువ వస్తువుల బతుకు ఈ నేలకు కొత్త కాదు. సూర్యాపేట నుంచి తిరుమలగిరి వైపు పోతూ రోడ్డు దిగి లోపలికి వెళ్తే ఫణిగిరి గుట్ట ఉంది, పడగ విప్పిన పాములాంటి గుట్ట. దాని మీద స్తూపం, చైత్యాలు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు ఉన్నాయి. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో, ఇక్కడ గొప్ప శిల్పుల చేతులు పనిచేశాయి. ఆ తోరణం రాళ్ళు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పోయి వచ్చాయి. బౌద్ధ సంప్రదాయంలో భిక్షువుకు ఎనిమిది వస్తువులే సొంతం: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్ళు వడకట్టుకునే గుడ్డ. ఈ జాబితాలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది సూది. చిరిగితే కుట్టుకోవాలి, పారేయకూడదు అని ఆ చిన్న వస్తువు చెప్పేస్తుంది. నీళ్ళ గుడ్డేమో కంటికి కనిపించని పురుగు కూడా చావకూడదని.

అదే గుట్ట మీద 2024లో తవ్వితే ఒక కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఎనిమిది వస్తువుల మనుషులు ఉన్న చోట కుండెడు నాణేలేమిటని మొదట ఆశ్చర్యం వేస్తుంది. ఆలోచిస్తే ఆశ్చర్యం తగ్గుతుంది. భిక్షువుకు సొంతం లేదు గానీ సంఘానికి ఉండేది. విహారం కట్టాలన్నా, స్తూపానికి రాయి తొడగాలన్నా, వానాకాలం మూడు నెలలూ ఒకే చోట ఉండే మనుషులకు అన్నం పెట్టాలన్నా వర్తకులో రైతులో ఇచ్చిందే ఆధారం. ఒక్కొక్కరి దగ్గర ఎనిమిది వస్తువులే ఉండి కూడా వాళ్ళు నిశ్చింతగా ధ్యానం చేసుకోగలిగారంటే, అందరిదీ అయినది ఒకటి వాళ్ళ తలల మీద కప్పుగా ఉంది గనకే.

వస్తువులు తక్కువ ఉండటం దానికదే సుఖం కాదు. ఈ మాట ఉమ్మడి నల్గొండ జిల్లాలో నిలబడి మరీ గట్టిగా చెప్పాలి. ఇక్కడ నిజాం కాలంలో వెట్టి చేసిన వాళ్ళకూ వస్తువులు లేవు. దొర పిలిస్తే పోవాలి, దొర ఇంటికి కట్టెలు మోయాలి, తోలు ఇవ్వాలి, గొర్రెనివ్వాలి, కుండ ఇవ్వాలి. వాళ్ళ లేమిని నిరాడంబరత అని పిలిస్తే అంతకంటే పాపం లేదు. కోదాడ పక్కన చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదో ఆంధ్ర మహాసభ జరిగింది. వెట్టి పోవాలని ఆ మహాసభ కదిలించిన గొంతులు పల్లెపల్లెకూ పాకాయి. తుంగతుర్తి ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో, భూస్వామి ఇంట్లో, 1931లో పుట్టిన పిల్లకు అప్పటికి పదేళ్ళు. ఆంధ్ర మహాసభ పిలుపు విని ఆమె తన ఇంటి ధాన్యాన్ని కూలీలకు పంచింది. ఆమే మల్లు స్వరాజ్యం. తర్వాత తెలంగాణ సాయుధ పోరాట దళంలో చేరింది, నిజాం ప్రభుత్వం ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలిస్తామంది. 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యే అయింది. 2022 మార్చిలో చనిపోయాక ఆమె శరీరాన్ని కూడా నల్గొండ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

ఆమె గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మొదటి రోజే కళ్ళ ముందు ఆడుతుంది. పదేళ్ళ పిల్ల, ఇంటి గడపలో నిలబడి, సొంత ఇంటి గింజలు ఇతరుల కొంగుల్లో పోస్తోంది. త్యాగం అనే పెద్ద మాట ఆ వయసుకు తెలియదు. తెలిసిందల్లా ఎదుటి వాళ్ళ మొహాలు. గింజలు ఇంట్లోంచి పోయి పోయిన చోట ఆకలి తీర్చాయి. అటక మీది వస్తువును చెత్తబండిలో వేసి ఇల్లు ఖాళీ అయిందని సంబరపడటానికీ దీనికీ చాలా దూరం ఉంది. ఇంటిని తేలిక చేసుకోవడం మంచిదే. పోయిన వస్తువు ఎవరి చేతికి చేరిందన్నది చూసుకుంటేనే ఆ తేలికదనం మనసుకు పడుతుంది.

సూర్యాపేటలో పుట్టిన ధర్మభిక్షం గారిని కూడా తలుచుకోవాలి. పల్లెల నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లల కోసం ఆయన సూర్యాపేటలో హాస్టల్ నడిపారు. హాస్టల్లో ఉన్న వాళ్ళకు తెలుసు, ఒక పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసుతో ఏళ్ళు గడిచిపోతాయి. ఆ పెట్టె చిన్నదని ఆ వయసులో ఎవరికీ అనిపించదు. పక్కవాడి పుస్తకం, ఎదుటివాడి చొక్కా, వార్డెను గారి గడియారం అన్నీ అందరివే. ధర్మభిక్షం గారు 1952 నుంచి మూడుసార్లు మూడు వేర్వేరు నియోజకవర్గాల నుంచి ఎమ్మెల్యే అయ్యారు, నల్గొండ నుంచి రెండుసార్లు ఎంపీ. రెండోసారి, 1996లో, ఆ ఎన్నికలో 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. అంతమంది నామినేషన్లు ఎందుకు వేశారంటే మంచినీళ్ళ కోసం, సాగునీళ్ళ కోసం. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా తన గోడు దేశానికి చెప్పడానికి ఎంచుకున్న దారి అది. ఆ 480 మంది నామినేషన్ల వెనక ఉన్న కోరిక బిందెడు మంచినీళ్ళు.

ఊరి నీళ్ళు చెడిపోతే ఎవరి ఇంట్లో వాళ్ళు నీళ్ళ మిషన్ పెట్టుకోవాలి, లేదా రోజూ క్యాను కొనుక్కోవాలి. ఊరి బడి చెడిపోతే ఎవరి బండి మీద వాళ్ళు పిల్లల్ని దూరపు బడికి పంపాలి. బస్సు సమయానికి రాకపోతే ప్రతి ఇంటికీ రెండు మోటారు సైకిళ్ళు కావాలి. మన ఇళ్ళు నిండిపోవడానికి ఆశ ఒక్కటే కారణమని తిట్టుకోవడం సరికాదు. సగం సామాను ఉమ్మడిగా ఉండాల్సినవి చెడిపోయినందువల్ల వచ్చి చేరింది.

మిగిలిన సగం మాత్రం పదిమందికి చూపించుకోవడానికే. చూపించుకోవడానికి చేసినదాన్ని కూడా దాచుకోనక్కర్లేదని చెప్పే బతుకమ్మ పండుగ ఇక్కడ నాకు గుర్తొస్తుంది. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పువ్వు. చాలావరకు చేల గట్ల మీద, బీళ్ళలో పూసేవే. పొద్దున తెచ్చి, మధ్యాహ్నమంతా ఇంటిల్లిపాదీ కూర్చుని పేర్చి, పసుపు గౌరమ్మను నిలిపి, సాయంత్రం ఆడి పాడి చెరువులో వదిలేస్తారు. సూర్యాపేటలో సద్దుల చెరువు కట్ట మీద ఆ రాత్రి చూడాలి. చీకట్లో వరసగా నీళ్ళ మీదికి జారుతున్న పూల గోపురాలు, ఆ వెనక సత్తుపిండి ముద్దలు పంచుకుంటున్న చేతులు. దేవతను దాచుకోరు. ఏడాదికి సరిపడా సంతోషం పొంది ఖాళీ తాంబాలంతో ఇంటికి వస్తారు. ఈ మధ్య ఎవరి బతుకమ్మ ఎత్తు అన్న పోటీ మొదలైంది గానీ, అదీ చివరికి చెరువుకే పోతుంది గనక నేను పెద్దగా దిగులుపడను.

రెండేళ్ళకోసారి హైవే పక్కనే దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతరలోనూ తక్కువ వస్తువులతో సంబరపడటమే కనిపిస్తుంది. ఓ లింగా ఓ లింగా అంటూ గంపలు నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కే గొల్ల కుటుంబాలు ఆ రోజుల్లో చెట్టు కింద, బండి కింద కాపురం పెడతాయి. మూడు రాళ్ళ పొయ్యి, ఒక గంజు. పెద్దవాళ్ళ భుజాన అక్కడక్కడా ఇంకా గొంగడి కనిపిస్తుంది. నల్ల గొర్రెల ఉన్ని వడికి, కురుమలు మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి వానకు కొప్పెర, చలికి దుప్పటి, నేల మీద పక్క. గడ్డి మూట కట్టుకోవచ్చు, గింజలు ఆరబోసుకోవచ్చు, పుట్టిన గొర్రెపిల్లను చుట్టుకుని రావచ్చు. ఏళ్ళ తరబడి వస్తుంది. ఇన్ని పనులకు మనం ఇప్పుడు ఎన్ని వస్తువులు కొంటున్నామో లెక్క వేసుకుంటే తల తిరుగుతుంది. గొంగడి నేసే చేతులు తగ్గిపోవడం, ఆ ఉన్నినిచ్చే దక్కనీ గొర్రెల మందలు తగ్గిపోవడం నాకు నిజంగా గుండెకోత.

అయినా అన్నీ పోలేదు. మా వైపు పల్లెల్లో చాలా కుల సంఘాలకు ఇప్పటికీ ఒక గది ఉంటుంది. అందులో పెండ్లికీ దినానికీ పనికొచ్చే పెద్ద గంజులు, గుండిగలు, గంటెలు, జంపఖానాలు. తీసుకుపోయిన వాళ్ళు తోమి తిరిగి పెట్టాలి, సొట్ట పడితే బాగు చేయించాలి. నూరు మందికి వండే గుండిగ ఏ ఒక్క ఇంట్లోనూ ఉండక్కర్లేదని ఆ ఊరికి తెలుసు. పట్నాలలోకి వచ్చాక ఈ తెలివిని మనం వెంట తెచ్చుకోలేదు. కోదాడలో హైవే పొడుగునా లేచిన కొత్త ఇళ్ళలో పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పండక్కి వస్తే వాడుదామని కొన్న మంచాలు, పరుపులు, కుర్చీలు ఏడాది పొడుగునా దుప్పట్లు కప్పుకుని ఉంటాయి. అదే వీధిలో కాలు విరిగిన ముసలాయనకు చక్రాల కుర్చీ కావాల్సి వస్తే ఇంటివాళ్ళు కొత్తది కొంటారు. రెండు నెలలు వాడి మూలకు తోస్తారు.

అందుకే వార్డుకొక గది ఉండాలని నా కోరిక. సంఘం గదిలాంటిదే, కులం అడగనిది. నిచ్చెన, డ్రిల్లింగ్ మిషన్, పెద్ద గుండిగలు, మడత మంచాలు, చక్రాల కుర్చీ, వాకరు, పసిపిల్లల ఉయ్యాల, పాత పాఠ్యపుస్తకాలు. ఒక రిజిస్టరు, దాన్ని రాసే ఒక ఓపికమంతుడు లేదా ఓపికమంతురాలు. సూర్యాపేటలో మా వీధి వాళ్ళతో ఈ మాట ఎత్తితే ఒకరు, "పోయినయి వాపసొస్తయా?" అని అడిగారు. కొన్ని రావు, నిజమే. రోలు విషయంలోనూ కొన్ని తగాదాలు జరిగే ఉంటాయి. అయినా గది దొరికితే నిచ్చెనా, మా ఇంట్లో ఊరికే నిలబడి ఉన్న రెండో కుట్టుమిషనూ నేను తెచ్చి పెడతాను. రిజిస్టరు రాయడానికి సాయంత్రాలు వస్తాను.