ఒకసారి పట్టుకో

2024 మార్చి 18న కొరిశపాడు దగ్గర హైవే మీద విమానాలు దిగుతాయంటే, చిలకలూరిపేట నుంచి బండేసుకుని పోయాను. అత్యవసరమైతే వైమానిక దళం వాడుకోవడానికి 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు రన్‌వే వేశారక్కడ. 2022 డిసెంబరు 29న మొదటిసారి పరీక్షించారు. ఇది రెండోసారి. సుఖోయ్‌లు, హాక్‌లు రోడ్డుని తాకేంత పని చేసి, దిగకుండానే పైకి లేచిపోయాయి. ఏఎన్-32, డోర్నియర్ మాత్రం నిజంగానే దిగి మళ్లీ ఎగిరాయి.

దూరంగా పొలంగట్టు మీద నా పక్కన నిలబడ్డ కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుని అడిగాడు.

"అన్నా, ఇయ్యి తోలాలంటే మనలాంటోళ్లు ఏం చెయ్యాలి?"

జవాబు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇలాంటి ప్రశ్నకి నేను అంతకుముందొకసారి చాలా తప్పుగా జవాబు చెప్పాను.

నాకు ఈ పిచ్చి అంటించింది మా బాబాయ్. హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో బాల్సా చెక్కతో విమానాల నమూనాలు చేయడం నేర్చుకున్నాడు. పేటకొచ్చి పత్తి వ్యాపారంలో పడ్డాక బాల్సా ఎక్కడిది? టీవీ అట్టపెట్టెల్లో వచ్చే థర్మాకోల్‌తో రెక్కలు కోసేవాడు. ముక్కుకి రూపాయి బిళ్ల అంటించి, రెక్క వెడల్పులో ముందునుంచి మూడోవంతు దగ్గర రెండు వేళ్ల మీద నిలబెట్టి చూసేవాడు. తోకవైపు వాలితే బరువు చాలనట్టు. "పైకి విసరబాకరా, ఎదురుగా వదులు. లేపే పని గాలిది" అనేవాడు. మొదటి రోజే నా చేతికిచ్చాడు. నేను విరగ్గొట్టాను. ఏమీ అనకుండా ఇంకోటి కోశాడు.

ఉద్యోగం వచ్చాక హైదరాబాదులో రిమోట్ విమానం కొన్నాను. ఊరి బయట ఖాళీ లేఅవుట్లో ఆదివారాలు ఎగరేసేవాణ్ని. ఒకరోజు పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారబ్బాయి, పదమూడేళ్లుంటాయేమో, దగ్గరికొచ్చి "నేనొకసారి పట్టుకోవచ్చా అంకుల్?" అన్నాడు. "ఇది బొమ్మ కాదు. పద్దెనిమిది వేలు" అన్నాను. ఆ తర్వాత రెండు ఆదివారాలు వాడు గోడ అవతల నుంచే చూశాడు. మూడో వారం రాలేదు. విమానం మాత్రం భద్రంగానే ఉంది.

మన దగ్గర సరదాగా ఎగరడానికి దారులు ఎప్పుడూ తక్కువే. 1929లో జె.ఆర్.డి. టాటా దేశంలో మొదటి పైలట్ లైసెన్సు తీసుకున్నది ఉద్యోగం కోసం కాదు, ఎగరాలన్న మోజుతో. అప్పటి ఫ్లయింగ్ క్లబ్బులు అలాంటి మోజున్నవాళ్ల కోసమే నడిచేవి. ఇప్పుడు చాలావరకు కమర్షియల్ లైసెన్సు కోసం లక్షలు పోసే పిల్లలతో నడుస్తున్నాయి. సొంత సరదాకి తీసుకునే ప్రైవేట్ లైసెన్సుకి 17 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, 40 గంటలు ఎగిరితే చాలు. కానీ ఆ 40 గంటల ఖర్చుకి మావైపు ఆడపిల్ల పెళ్లి చేయొచ్చు.

అమెరికాలో 1992లో 'యంగ్ ఈగిల్స్' అని ఒకటి మొదలుపెట్టారు. సొంత విమానం ఉన్న మామూలు మనుషులు 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని ఉచితంగా ఒక్కసారి పైకి తీసుకెళ్తారు. అలా ఎక్కినవాళ్లు ఇరవై లక్షలు దాటారు. అందరూ పైలట్లు అవుతారా? కారు. కానీ కొందరికి ఆ పది నిమిషాలు చాలు. ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది బాబాయ్ థర్మాకోల్, ఆ తర్వాత గోడ అవతలి పిల్లాడు.

అందుకే గట్టు మీద కుర్రాడితో, "విమానం సంగతి తర్వాత. సాయంత్రం పేటకి రా, చిన్నదొకటి ఉంది" అన్నాను.

వచ్చాడు. మిరపకి డ్రోన్‌తో మందు కొట్టే పనట అతనిది. పది లీటర్ల ట్యాంకుతో రోజుకి ఎన్ని ఎకరాలైతే అంత కూలి. "డ్రోన్ సరదాగా ఎప్పుడైనా ఎగరేశావా?" అంటే నవ్వాడు. "బ్యాటరీ ఓనర్‌ది గదన్నా."

పత్తికట్టె పీకేసిన మా నల్లరేగడి చేలో నిలబడ్డాం. రెండు రిమోట్లు జత చేసి ఒకటి అతనికిచ్చాను. నా దానికో స్విచ్ ఉంటుంది. అది నొక్కి పట్టుకున్నంతసేపు విమానం అతనిది, వదిలితే నాది. రెండు కిలోల లోపుది, వ్యాపారానికి కానిది ఎగరెయ్యడానికి 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల దాకా అనుమతి కూడా అడగక్కర్లేదు.

డ్రోన్ అలవాటున్న చెయ్యి కదా, స్టిక్ వదిలేశాడు. డ్రోన్ అయితే ఉన్నచోటే నిలబడేది. విమానం నిలబడదు, వేగం తగ్గితే రాలిపోతుంది. పైగా మనవైపు తిరిగొచ్చేటప్పుడు కుడి ఎడమవుతుంది. మూడుసార్లు స్విచ్ వదిలి నేనే కాపాడాను. నాలుగోసారి విమానం తుమ్మచెట్టు వైపు వాలుతుంటే నా బొటనవేలు లేవబోయింది. బిగబట్టాను. "వేగం! కొంచెం వేగం!" అని మాత్రం అరిచాను. చెట్టు మీదుగా జానెడు ఎత్తులో దాటించి, గుండ్రంగా తిప్పుకొచ్చాడు.

దించేటప్పుడు మాత్రం ముక్కు నేలకి కొట్టి విరగ్గొట్టాడు. ముఖం తెల్లబోయింది.

"ఎంతవుద్దన్నా?"

"టేపు చాలు" అన్నాను.

ఇద్దరం గట్టు మీద కూర్చుని టేపు చుట్టాం. చీకటి పడుతుండగా, విమానం ఒళ్లో పెట్టుకునే అడిగాడు:

"రేపు మా చెల్లిని తీసుకురానా అన్నా? ఒకసారి పట్టుకుంటది."