సూపీరియర్ గట్టున మూడు చక్రాల మీద

మన సంఘంలో ట్రైలరు కొనుక్కున్న కుటుంబాలు ఇప్పటికి అరడజను తేలాయి. ఇంగ్లండు నించి వచ్చిన వాళ్ళు కారవాన్ అంటారు గాని ఇక్కడ అందరి నోటా ట్రైలరే. పొయ్యి, ఫ్రిజ్జి, పడకలు, స్నానాల గది అన్నీ వున్న చిన్న ఇల్లును కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరగడం మన వాళ్ళకి నచ్చడంలో వింతేమీ లేదు. మోటెల్‌లో పోపు పెట్టుకోలేం గదా! ఏ ట్రైలరు కొనాలో, ఎక్కడ చవకో చెప్పడానికి పదిమంది వున్నారు. అది మధ్య దారిలో చతికిలబడితే ఏం చెయ్యాలో చెప్పిన వాళ్ళు మాకు తగల్లేదు. ఆ కొరత కొంతైనా తీరుతుందని ఇది రాస్తున్నాం. ‘మేము’ అంటే ఒకచోట ఇంటిల్లిపాదీ, మరొకచోట ఈ రాసే ప్రాణి ఒక్కతే. సందర్భాన్నిబట్టి గ్రహించ ప్రార్థన.

ముందు ఆ దారి సంగతి. సూ సెంట్ మరీ దాటాక పదిహేడో నంబరు హైవే సూపీరియర్ సరస్సు గట్టు పట్టుకుని పైకి పోతుంది. సరస్సు అన్నామే గాని దాని వైశాల్యం 82,100 చదరపు కిలోమీటర్లు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం. ఒకవైపు ఆ నీళ్ళు, రెండోవైపు కొండా అడవీ. ఈ రోడ్డు వెయ్యడానికి ఎంత కష్టపడ్డారంటే, 1960 దాకా అగావా నించి మారథన్ వరకూ దారే లేదు. ఆ ఖాళీని ‘గ్యాప్’ అనేవారు. పడమటికి పోవాలంటే ఉత్తరాన హర్స్ట్, లాంగ్‌లాక్ మీదుగా చుట్టు తిరిగి పోవాలి. 1960లో గ్యాప్ పూడింది గాని, కొత్త రోడ్డు వావా ఊళ్ళోకి రాకుండా పక్కనించి పోయింది. పోయేవాళ్ళు కాసేపైనా ఊళ్ళోకి తిరగాలని అక్కడి వాళ్ళు ఆ కూడలిలో పెద్ద అడవి బాతు బొమ్మ నిలబెట్టారు. వావా అంటే ఓజిబ్వే భాషలో అడవి బాతే. మొదటి బొమ్మ చలికీ వానకీ పాడైతే 1963లో ఉక్కుతో చేసి పెట్టారు, అదీ తుప్పు పడితే 2017లో మళ్ళీ కొత్తది పెట్టారు. 1960లూ 70లలో లిఫ్టులడుక్కుంటూ దేశం చుట్టే కుర్రాళ్ళు ఈ బాతు కింద రోజుల తరబడి చిక్కుకుపోయేవారని కథలు చెప్తారు.

ఇప్పటికీ ఈ దారి ఒంటి దారమే. 2016 జనవరిలో నిపిగాన్ నది మీద కొత్తగా కట్టిన వంతెన బోల్టులు తెగి పైకి లేచిపోతే కెనడా తూర్పు పడమరల మధ్య రోడ్డు తెగిపోయినట్టే అయింది. మర్నాటికి ఒక వరస తెరిచారనుకోండి. అంత పెద్ద దేశానికే పక్కదారి లేని చోట మన ట్రైలరు ఎంత!

మారథన్‌కి అవతల ఒక చిన్న ఊళ్ళో రెండు వారాలు డాక్టరు కొలువు ఒప్పుకున్నాం. అక్కడున్న డాక్టరు సెలవు మీద పోవాలంటే సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి మేము వెళ్ళి పని అందుకోవాలి. ఆలస్యమైతే ఆ ఊళ్ళో రాత్రికి జ్వరమొచ్చిన పిల్లనో, గుండె నొప్పి వచ్చిన పెద్దాయననో చూసే దిక్కు తగ్గిపోతుంది. కాకినాడ రంగరాయలో చదివేటప్పుడు డ్యూటీకి అరగంట ఆలస్యమైతే పక్క గదిలో వాళ్ళు సర్దుకునేవారు. ఇక్కడ పక్క గది రెండు గంటల దూరంలో వుంటుంది. వేసవి సెలవులు గదాని మా ఇంటాయన, ఇద్దరు పిల్లలు, చూడ్డానికొచ్చిన మామయ్యగారు కూడా బయల్దేరారు. మామయ్యగారు కాకినాడ ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. షుగరుంది, రోజుకి రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు. మా ట్రైలరుకి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. ఈ రెండు ఇరుసుల సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సూ నించి వంద కిలోమీటర్లు దాటాక మాంట్రియల్ రివర్ కొండ ఎక్కుడు వస్తుంది. 1980లో టెర్రీ ఫాక్స్ ఒంటికాలితో పరుగెత్తి ఎక్కిన కొండ అది. ఎముక కాన్సరుకి 1977లో కుడికాలు తీసేశారు. వెనక ఒక వాన్ వస్తుంటే సెంట్ జాన్స్ నించి ఇంత దూరమూ పరుగెత్తి, సెప్టెంబరు ఒకటిన థండర్ బే దగ్గర ఆగిపోయాడు, కాన్సరు ఊపిరితిత్తులకి పాకడంతో. మేము పాఠాల్లో చదివిన జబ్బే గాని, ఆ వాలు చూశాక గాని ఆ కుర్రాడు చేసిన పని మాకు బోధపడలేదు. మా ఇంజనే అక్కడ మూలిగింది.

మామయ్యగారికి ఒక అలవాటు. బండి ఎక్కడ ఆగినా దిగి, ట్రైలరు నాలుగు హబ్బుల మీదా అరచెయ్యి తిప్పి వెనకభాగంతో తాకి చూస్తారు. నుదురు చూసినట్టే. అగావా దగ్గర, రాతి మీద ఎర్రరంగు బొమ్మలున్న చోటుకి పోయే దారిలో ఆగినప్పుడు నాలుగూ ఒక్కలాగే వున్నాయన్నారు. మరో గంట పోయి ఓల్డ్ ఉమన్ బే దగ్గరకొస్తుంటే ఆయనే “బాబూ, ఆపు. గ్రీజు కాలిన వాసన” అన్నారు. మా ముక్కులకి ఏమీ తెలియలేదు. దిగి చూస్తే కుడివైపు వెనక హబ్బు దగ్గరకి చెయ్యి పోనివ్వడం లేదు. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు మా సంచీలో వుంది గదాని గురి పెట్టాం. ‘హై’ అని చూపించి ఊరుకుంది. అది మనుషుల జ్వరానికే గాని ఇనుము జ్వరానికి కాదు.

కారణం తర్వాత తెలిసింది. వసంతంలో ఒక వర్కుషాపులో బేరింగులకి గ్రీజు పెట్టించాం. వాళ్ళు లోపలి నట్టు మరీ బిగించి వదిలారట. పేరెందుకు గాని, బిల్లు మాత్రం బాగానే వేశారు. సన్నగా శంకువులా వుండే రోలర్లున్న ఈ బేరింగులు బిగిస్తే వేడెక్కుతాయి, వదులైతే ఊగుతాయి. ట్రైలరు ఏడాదిలో ఎనిమిది నెలలు మంచులో కదలకుండా పడి వుండటం వల్ల లోపల తడి చేరి తుప్పు పట్టడం ఇంకో జబ్బు. కారులో ఏదైనా తేడా వస్తే స్టీరింగు చెప్తుంది. ట్రైలరు నొప్పి నడిపే వాడికి తెలియదు. చక్రం ఊడి పక్కనించి దొర్లుకుంటూ ముందుకి పోతుంటే చూసి అప్పుడు ఆపిన వాళ్ళున్నారు.

ఫోన్లు తీస్తే ఒక్కదానికీ సిగ్నల్ లేదు. లేక్ సూపీరియర్ ప్రొవిన్షియల్ పార్కులో చాలా మేర అంతే. కొత్త రకం ఫోన్లలో ఆకాశంలో ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే సౌకర్యం 2022 నించి కెనడాలో వుంది. అది ప్రాణం మీదకి వచ్చినప్పుడు వాడాల్సింది, చక్రం వేడెక్కినందుకు కాదని మా అభిప్రాయం.

పిల్లలు “మనకి ఇల్లుంది గదా, లోపల పడుకుందాం” అన్నారు. ఇక్కడే చాలామంది పొరపడేది. రోడ్డు వార ఆగిన ట్రైలరులో కూర్చోవడం కంటే అపాయం లేదు. కలప లారీలు పక్కనించి పోతుంటే మొత్తం బండి ఊగుతుంది. వాటిలో ఒకటి కంకర అంచుకి ఒక్క గజం తప్పితే పలక గోడలు ఏం ఆపుతాయి? నడుస్తున్న ట్రైలరులో మనుషులు వుండకూడదని ఒంటారియో చట్టమే వుంది, ఆగినదానికి చట్టం లేకపోయినా బుద్ధి వుండాలి. ఎర్ర త్రికోణాలు వెనక దూరంగా పెట్టి, అందరం ఇనుప కంచె దాటి రాళ్ళ మీద కూర్చున్నాం. దోమలు, నల్ల ఈగలు మమ్మల్ని పండగ చేసుకున్నాయి. ఫ్రిజ్జిలోంచి ముందుగా తీసినవి ఇన్సులిన్, ఒక పెరుగు డబ్బా. ఇన్సులిన్ మంచు సంచీలో పెట్టి మామయ్యగారి మెడకే తగిలించాం.

ఇంక తేల్చాల్సింది ఒకటే. కారు బాగానే వుంది. ట్రైలరు విప్పేసి అందరం వావాకి పోవచ్చు, పాతిక కిలోమీటర్లే. మామయ్యగారు ఒప్పుకోలేదు. “దారిలో బస్సు చెడితే పాసింజర్లని పంపేస్తాం గాని బస్సుని వదలం. మీరు పోండి, నేనుంటా” అన్నారు. ఆయన వయసు అరవై ఎనిమిది. మధ్యాహ్నం ఇన్సులిన్ వేసి నాలుగు గంటలైంది, తిన్నది రెండు ఇడ్లీలు. డాక్టరుగా మేము వద్దన్నాం, కోడలిగా గట్టిగా అనలేకపోయాం. తండ్రీ కొడుకుల మధ్య మాట పెరుగుతుండగా ఒక పెద్ద ట్రక్కు ముందుకెళ్ళి ఆగింది. దిగినాయన సర్దార్జీ. ఈ హైవే మీద ట్రక్కులు నడిపేవాళ్ళలో పంజాబీలు ఎందరో మీకు తెలిసే వుంటుంది. మామయ్యగారు హైదరాబాదులో ట్రైనింగుకెళ్ళి నేర్చుకొచ్చిన హిందీ నలభై ఏళ్ళ తర్వాత కెనడా అడవిలో పనికొచ్చింది. ఆయన హబ్బు వంక ఒక్కసారి చూసి, తల అడ్డంగా ఊపి, వావాలో ఫలానా టో ట్రక్కు వాళ్ళకి తనే కబురు చెప్తానన్నాడు. పోతూ పోతూ రెండు పరాఠాలు మామయ్యగారి చేతిలో పెట్టాడు. షుగరు సమస్య ఆ విధంగా తీరింది. ఎవరూ ఎవరినీ వదిలి పోవాల్సిన పని లేకపోయింది.

గంటన్నరకి టో ట్రక్కు వచ్చింది. నడిపేది మామయ్యగారి ఈడు పెద్దమనిషి. ముందు కాగితం మీద సంతకం తీసుకున్నాడు. 2024 నించి ఒంటారియోలో టో వ్యాపారం చేసే వాళ్ళకి ప్రభుత్వ సర్టిఫికెట్టు వుండాలి, మన ఒప్పుదల రాతలో వుండాలి, ఎవరి చేత లాగించుకోవాలో మన ఇష్టం. ట్రైలరుని పలక ట్రక్కు మీదకి ఎక్కిస్తే ఎత్తు ఎక్కువై తీగలకీ వంతెనలకీ తగులుతుందేమోనని ఆయన ఇంకో ఉపాయం చేశాడు. చెడిన చక్రం ఊడదీసి, ఆ ఇరుసుని గొలుసుతో పైకి చట్రానికి కట్టేశాడు. రెండు ఇరుసుల బండి గనక మూడు చక్రాల మీద మెల్లగా పోవచ్చు. ఒక్క ఇరుసుదైతే ఈ వైద్యం లేదు. ఇద్దరు ముసలివాళ్ళకీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరు జాకీ ఎత్తితే ఇంకొకరు చెక్క దిమ్మె తోస్తున్నారు, ఒక్క మాట లేదు. తర్వాత మేము గంటకి ముప్ఫై కిలోమీటర్లకి మించకుండా ముందు, ఆయన పసుపు దీపాలు తిప్పుకుంటూ వెనక. రోడ్డు మీద ఆగిన బండికి అలాంటి దీపాలు కనిపిస్తే పక్కవాళ్ళు వేగం తగ్గించి వీలైతే పక్క వరసకి తప్పుకోవాలి. 2015 నించి టో ట్రక్కులకీ ఆ రూలు వర్తిస్తుంది, తప్పితే 490 డాలర్లు. అయినా ఇద్దరు ముగ్గురు హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయారు.

సభ్యత్వాల విషయం ఇక్కడ చెప్పాలి. కెనడియన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 1913 నించి వుంది, మనలో చాలామందికి కార్డు వుంది. కాని కారుకున్న కార్డు ట్రైలరుకి వుందనుకోకండి, మామూలుగా దానికి ఆర్.వి. పేరుతో విడిగా తీసుకోవాలి. ప్లస్ సభ్యత్వంలో 200 కిలోమీటర్ల దాకా లాగుతారు. టొరాంటో దగ్గర అది చాలా ఎక్కువ. వావా నించి సూ 225 కిలోమీటర్ల పైమాటే, మిగతాది మన జేబు లెక్క. ఇంకో సంగతి, టో ట్రక్కులో నడిపే వాడు గాక సాధారణంగా ఇద్దరికే చోటు. లాగుతున్న కారులో కూర్చోనివ్వరు. మా కారు బాగుంది గనక సరిపోయింది, కారే చెడి వుంటే ఐదుగురిలో ఎవరు ముందు, ఎవరు అడవిలో? ఇంట్లో సుఖంగా కూర్చున్నప్పుడే ఈ ప్రశ్న వేసుకుని జవాబు రాసి పెట్టుకోవడం మంచిది.

వావాలో వర్కుషాపతను ఇరుసు చివర కాలి నీలంగా మారిందనీ, ఇరుసే మార్చాలనీ, అది బుధవారానికి గాని రాదనీ చెప్పాడు. అది శుక్రవారం సాయంత్రం. ఆదివారం మేమూ పిల్లలూ కారులో మా ఊరికి పోయాం, సోమవారం ఎనిమిదింటికి డ్యూటీలో వున్నాం. తండ్రీ కొడుకులు వర్కుషాపు ఆవరణలోనే ట్రైలరులో కాపురం పెట్టారు. మామయ్యగారు రోజూ పొద్దున్నే బాతు దాకా నడిచి వచ్చి, వర్కుషాపు గుమ్మంలో కూర్చునేవారట. మూడో రోజుకి ఆయనకో స్టూలు వేశారు. ఇరుసు వచ్చాక నట్టు బిగించేటప్పుడు తనని చూడనివ్వమని సైగ చేశారట. చక్రం తిప్పుతూ బిగించడం, మళ్ళీ వదులు చెయ్యడం, చివరికి వేళ్ళతో తగిలేంత వరకే తిప్పి పిన్ను వెయ్యడం, అంతా తన డిపోలో లాగానే చేశారని ఫోనులో చెప్పారు. ఆయన గొంతులో అంత తృప్తి మేము ఈ దేశంలో వినలేదు.

శనివారం డ్యూటీ లేదు. వావాకి వచ్చి ట్రైలరు తగిలించుకున్నాం. ఊరు దాటి ఇరవై కిలోమీటర్లకి ఒకసారి, వైట్ రివర్‌లో ఇంకోసారి ఆగాం. పిల్లలిద్దరూ తాతగారి వెనక వరసలో నిలబడి నాలుగు హబ్బుల మీదా చేతులు వెనక్కి తిప్పి పెట్టి చూశారు. కాలిన పాత బేరింగు చేతిరుమాల్లో కట్టి మామయ్యగారి పెట్టెలో వుంది. కాకినాడలో పాత జట్టువాళ్ళకి చూపించాలట.