చెవికి రెండో పంట లేదు

ఎప్పుడూ మిరప, పత్తి, సాగర్ కాలవ నీళ్లు, యార్డు రేట్ల గురించి రాసేవాణ్ణి ఈసారి హెడ్‌ఫోన్స్ గురించి రాస్తున్నా. మీలో కొందరు నవ్వుకుంటారు, నవ్వుకోండి, పర్లేదు. కానీ చివరిదాకా చదవండి. దీనివల్ల నాకు మిరపకాయలు పోయినాయి, చెవి కూడా కొంచెం పోయింది. మీకు ఆ రెండూ పోకూడదని ఈ పోస్టు.

శావల్యాపురం మండలంలో రెండున్నర ఎకరాలు చేసుకునేవాడికి రాక్ సంగీతమేంటి అంటారా? ముందు అది చెప్తా.

1986లో ఇంటర్ చదవడానికి నరసరావుపేటలో ముగ్గురం కలిసి రూము తీసుకున్నాం. అందులో ఒకడి దగ్గర టేపురికార్డరు ఉండేది. వాళ్ల బావ గల్ఫ్ నుంచి తెచ్చాడు. దాంతోపాటు పైన పేరు కూడా లేని ఒక కాపీ క్యాసెట్. అప్పటిదాకా నాకు గిటార్ అంటే కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల ముందు పాటకచేరీ వాళ్లు వాయించేదే. ఈ క్యాసెట్లో ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఆ డ్రమ్ము దెబ్బ పడుతుంటే మన డప్పు పక్కన నిలబడినట్టు గుండెలో తగిలేది. రాత్రి కరెంటు ఉన్నంతసేపూ అదే పెట్టుకునేవాళ్లం.

ఇంటర్‌తో నా చదువు ఆగింది. నాన్న పోయాడు, అరక నా చేతికొచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ పాట మళ్లీ వినలేదు. పేరు తెలిస్తే కదా వెతకడానికి.

ఒక సంక్రాంతికి మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఆ డ్రమ్ము వరస నోటితో కొట్టి చూపించా. వాడు ఫోన్లో నాలుగైదు పాటలు పెట్టాడు. ఐదోది మొదలవగానే లేచి నిలబడ్డా. లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లండ్ బృందం 1971లో చేసిన పాట, పేరు 'వెన్ ద లెవీ బ్రేక్స్'. లెవీ అంటే ఏంట్రా అని అడిగా. "నది కట్ట నాన్నా, కట్ట తెగితే ఏమైపోతామో అని పాట" అన్నాడు.

నేను చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్లూ అర్థం తెలియకుండా ఇష్టపడింది కట్ట తెగిన పాటనా అనిపించింది. కాలవకి గండి పడితే ఎట్టుంటదో మనకి ఒకళ్లు చెప్పాలా?

తర్వాత తెలిసింది, అది అసలు వీళ్ల పాట కాదు. 1927లో అమెరికాలో మిసిసిపీ నదికి పెద్ద వరదొచ్చి కట్టలు తెగి ఊళ్లకి ఊళ్లు మునిగినాయి. దాని మీద 1929లో కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ అనే భార్యాభర్తలు పాడి రికార్డు ఇచ్చారు. వాళ్లది బ్లూస్. రాక్‌కి తల్లి ఆ బ్లూసే. అది పుట్టింది ఎక్కడనుకున్నారు? పత్తి చేలల్లో. సొంత భూమి లేక కోరుకి చేసిన నల్లజాతి రైతుల నోట, కూలీల నోట. మడ్డీ వాటర్స్ పత్తి పొలంలో పనిచేసి 1943లో షికాగో పోయినవాడు. బి.బి.కింగ్ పత్తి తీసినవాడు, ట్రాక్టర్ డ్రైవరు. ఆ ట్రాక్టర్ డ్రైవరే తర్వాత ప్రపంచమంతా గిటార్‌కి గురువయ్యాడు. అందుకని పత్తి రైతుకి రాక్ ఏంటి అని ఎవరైనా అంటే, అది మన పొలం పాటే, గట్టు అవతల నుంచి వచ్చింది అంతే అని చెప్తా.

ఇక నేను చేసిన తప్పులకి వస్తా.

ఫోన్ స్పీకర్లో ఆ డ్రమ్ము తగరపు డబ్బా మోతలాగుంది. అందుకని బస్టాండ్ దగ్గర చెవిలో పెట్టుకునేవి ఒక జత కొన్నా. డబ్బా మీద 'ఎక్స్‌ట్రా బాస్' అని పెద్దక్షరాలు. అవి పెట్టుకుని ట్రాక్టర్ ఎక్కేవాణ్ణి. క్యాబిన్ లేని ట్రాక్టర్ మోత ఎంతో మీకు తెలుసు. ఆ మోత మీద పాట వినపడాలంటే సౌండు చివరిదాకా పెంచాలి. దుక్కులన్నీ అట్టాగే దున్నా. దిగిన తర్వాత చెవుల్లో గుయ్‌మని, కీచురాళ్లు అరిచినట్టు. పొద్దునకి తగ్గేది. కొన్నాళ్లకి తగ్గడం మానేసింది.

రెండో తప్పు మిరప కల్లంలో. రెండో కోత కాయ కల్లంలో ఎండుతోంది. మార్చి నెల, ఎండ బాగా ఉంది. నేను చెట్టు కింద పడుకుని చెవుల్లో అవి పెట్టుకుని కళ్లు మూసుకున్నా. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. మా ఆవిడ అటు చివర్న పట్టా లాగుతా అరుస్తోంది. "ఇదిగో, వాన వత్తంది, రావయ్యా" అని ఎన్నిసార్లు పిలిచిందో. నాకు వినపడలా. మొహం మీద చినుకు పడితే లేచా. ఇద్దరం పరిగెత్తి కప్పేలోపు ఒక పక్క కాయ తడిసిపోయింది. తర్వాత ఎంత ఎండబెట్టినా రంగు తిరగలేదు. దాదాపు మూడు క్వింటాళ్లు తాలు కింద పోయింది. తాలు రేటు ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. రాత్రి అన్నం పెట్టేటప్పుడు మాత్రం, "ఈ మజ్జన మామూలుగా పిలిచినా పలకట్లా నువ్వు" అంది. అప్పుడు భయమేసింది.

చెవి డాక్టర్ దగ్గరికి పోయా. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, సన్న శబ్దాలు వినిపించి గీత గీశారు. గీత బాగానే నడిచి, 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు కిందికి దిగింది. పెద్ద మోతలకి చెవి దెబ్బతింటే సాధారణంగా ముందు అక్కడే తగ్గుతుందంట. అక్కడ తగ్గితే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తది గానీ ఏం మాటో సరిగ్గా తెలియదు. సకారాలు, తకారాలు జారిపోతాయి. లోపలి చెవిలో సన్న వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. అవి చస్తే మళ్లీ మొలవవు. కోసిన పిలకైతే మళ్లీ వేస్తది, చెవికి మాత్రం రెండో పంట లేదు.

నేనొక్కణ్ణే కాదు. 'ద హూ' అనే పెద్ద రాక్ బృందంలో గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్, స్టూడియోలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని గట్టిగా వినడం వల్లే తన చెవులు చెడిపోయినాయని చెప్పుకున్నాడు. పాట చేసినోడికే తప్పలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటుంది, గుర్తుపెట్టుకోండి. 80 డెసిబెల్స్ మోత వారానికి 40 గంటలు తట్టుకోవచ్చు. 90 అయితే వారానికి 4 గంటలే. 100 అయితే వారం మొత్తానికి 20 నిమిషాలే. నేను ట్రాక్టర్ మీద ఒక పూటలోనే వారం కోటా తాగేసేవాణ్ణన్నమాట.

మరి హెడ్‌ఫోన్ మానేశానా? లేదు. కొనడం నేర్చుకున్నా. విత్తనం ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొంటే ఏమవుతుందో అందరం అనుభవించినవాళ్లమే. ఇదీ అంతే. నేను తెలుసుకున్నవి రాస్తున్నా.

1. చెవికి సరిగ్గా పట్టాలి. చెవిలో పెట్టుకునేవాటితో మూడు సైజుల రబ్బరు బుడిపెలిస్తారు. మనం డబ్బాలోనే వదిలేస్తాం. సరైన సైజు పెట్టకపోతే గట్టుకి గండి పడ్డ మడిలాగా బాస్ అంతా బయటికి పోతుంది. అది రాలేదని మనం సౌండు పెంచుతాం. సరిగ్గా పడితే తక్కువ సౌండులోనే అంతా వినపడుతుంది. కొన్న రోజే మూడు సైజులూ పెట్టి చూడండి.

2. బాస్ ఎక్కువైతే మంచిదనుకోవద్దు. యూరియా ఎక్కువేస్తే చెట్టు పచ్చగా ఏపుగా ఉంటది గానీ కాపు ఉండదు. ఇదీ అట్టాంటిదే. రాక్‌లో డ్రమ్ము, బాస్ గిటార్, మామూలు గిటార్, గొంతు నాలుగూ విడివిడిగా తెలియాలి. డబ్‌డబ్‌మని డ్రమ్మొక్కటే వచ్చి గొంతుని మింగేస్తే ఆ హెడ్‌ఫోన్ వద్దు. పళ్లేల మోత చెవిలో గుచ్చుకుంటున్నా వద్దు.

3. అంకెలకి మోసపోవద్దు. డబ్బా మీద 40,000 హెర్ట్జ్ దాకా అని రాస్తారు. మనిషి చెవికి మంచి వయసులోనే 20 నుంచి 20,000 దాకా. మన వయసుకి పైవి చాలా పోయుంటాయి. బాస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్, మామూలు గిటార్ లావు తీగ 82. రాక్‌లో అసలు సరుకంతా మామూలు హెడ్‌ఫోన్‌కి అందేదే.

4. ఓమ్‌లు చూడండి. ఫోన్‌కి పెట్టుకునేదైతే 16 నుంచి 32 దాకా ఉంటే మంచిది. 250 ఓమ్‌లవి స్టూడియో సరుకు. చిన్న మోటారుతో లోతు బోరు లాగినట్టు, ఫోన్ వాటిని లాగలేదు.

5. వైరుదా, బ్లూటూతా? తక్కువ డబ్బుకి ఎక్కువ నాణ్యత కావాలంటే వైరుదే. బ్లూటూత్ దాంట్లో మన డబ్బు బ్యాటరీకి, లోపలి చిప్పుకి కూడా పోతుంది, పైగా కొన్నేళ్లకి బ్యాటరీ దిగిపోతుంది. వైరుది మామూలుగా పిన్ను దగ్గర తెగుతుంది, రిపేరు కుర్రాడు అతుకేస్తాడు. మీ ఫోన్‌కి గుండ్రటి బెజ్జం లేకపోతే చార్జింగ్ బెజ్జంలో పెట్టే చిన్న ముక్క కొనుక్కోవాలి. అది ముందే చూసుకోండి.

6. బాగా తెలిసిన పాటతో పరీక్ష చేయండి. షాపువాడు పెట్టిన పాటతో కాదు, మీరు వందసార్లు విన్న పాటతో. నేను రెండు పెడతా. ఒకటి పైన చెప్పిన కట్ట పాట. దాని డ్రమ్ముల్ని ఒక పాత బంగళాలో మెట్ల కింద పెట్టి, మైకులు పై అంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. మంచి హెడ్‌ఫోన్‌లో ఆ మెట్ల గది ఎంత ఎత్తుందో తెలుస్తది. రెండోది పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 1973 పాట 'మనీ'. మొదట్లో చిల్లర, గల్లాపెట్టె చప్పుళ్లు ఆ చెవికీ ఈ చెవికీ తిరుగుతాయి. కుడి ఎడమలు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే తేలిపోతుంది.

7. బిల్లు తీసుకోండి. పేరున్న కంపెనీలకి నకిలీలు ఎక్కువ. విత్తనాలకీ పురుగుమందులకీ చెప్పే మాటే దీనికీ.

చివరికి నేను కొన్నది సోనీ ఎండీఆర్-జెడ్ఎక్స్110. చెవి మీద కూర్చునేది, వైరుది, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. వెయ్యి రూపాయల లోపే వచ్చింది. దీనికంటే మంచివి ఉన్నాయి, మా అబ్బాయి దగ్గరే ఉంది ఒకటి. రెండూ మార్చి మార్చి విన్నా. తేడా ఉంది. కానీ ఆ తేడాకి ఒక పురుగుమందు డబ్బా ఖర్చు పెట్టాలా అంటే నాకొద్దనిపించింది. దీనికీ ఒక లోపం ఉంది. ఎండాకాలం గంట దాటితే చెవి చెమట పట్టి నొక్కినట్టుంటది. అదీ మంచిదే అనుకున్నా, గంటకి తీసేయమని అదే చెప్తుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. చేలో, కల్లంలో, ట్రాక్టర్ మీద, బండి మీద హెడ్‌ఫోన్ ముట్టను. పాము బుస, కరెంటు వైరు చిటపట, మనిషి కేక, ఇవి వినడానికే చెవులున్నాయి అక్కడ. ట్రాక్టర్ మీద మోత ఆపే మఫ్‌లు పెట్టుకుంటున్నా. అందులో పాట రాదు, చెవిని కాస్తది అంతే. పాట రాత్రి భోజనాలయ్యాక డాబా మీద. ఊరు సద్దుమణిగాక చుట్టూ మోత ఉండదు కాబట్టి సగం సౌండు చాలు. 60 శాతం దాటనివ్వను. నిశ్శబ్దానికి రూపాయి ఖర్చు లేదు, హెడ్‌ఫోన్‌కి అంతకంటే మంచి తోడు కూడా లేదు. పదివేలది పెట్టుకుని ట్రాక్టర్ మీద వినేవాడికంటే, వెయ్యిలోపుది పెట్టుకుని డాబా మీద వినేవాడికే ఎక్కువ వినపడుతుంది.

మొన్నొక రాత్రి మా ఆవిడ చెవులకి పెట్టి ఆ కట్ట పాట వినిపించా. కాసేపు విని, "డప్పులు బాగున్నయ్. ఆయన ఎందుకట్టా ఏడుస్తన్నాడు?" అంది.

"ఏటికట్ట తెగిందంట" అన్నా.

"పాపం, చేను పోయిందా?" అని మళ్లీ చెవులకి సర్దుకుని చివరిదాకా వింది. ఏడు నిమిషాల పాట. నేను పక్కన కూర్చుని రైలు పోతున్న చప్పుడు వింటున్నా. ఆ చప్పుడు ఇంకా వినపడుతోంది, చాలు.

ట్రాక్టర్ తోలేవాళ్లు, పవర్ స్ప్రేయర్ మోసేవాళ్లు ఒక్కసారి చెవి పరీక్ష చేయించుకోండి. ఇంట్లోవాళ్లు "పిలిస్తే పలకట్లా" అంటుంటే కోప్పడకండి, వాళ్లు నిజమే చెప్తున్నారు. మన పిల్లలు బస్సులో చెవులు మూసుకుని సౌండు చివరిదాకా పెట్టి వింటున్నారు, వాళ్లకీ ఈ 80, 90, 100 లెక్క చెప్పండి. మీకు తెలిసిన మంచి హెడ్‌ఫోన్ ఉంటే నాకూ చెప్పండి. వెయ్యి దాటితే మాత్రం ఈ ఏడు మిరప రేటు చూశాకే.