సున్నపు నేలలో వంగతోట

బేలం గుహలకు పోవు యాత్రికులు కొలిమిగుండ్లను దారిలోని యొక యూరుగ మాత్రమే చూచి సాగిపోవుదురు. 1884వ సంవత్సరమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రవేత్త దృష్టికి వచ్చి, దాదాపు నూఱేండ్ల తరువాత జర్మను పరిశోధకులచే కొలువబడి, 3,229 మీటర్ల దైర్ఘ్యము కలవిగ ప్రసిద్ధి కెక్కిన యా గుహలు, నీరు సున్నపురాతిని తొలిచిన తీరును విశదపఱచుచున్నవి. ఆ రాతియే పొడియై మట్టిలో కలిసినపుడు వంగమొక్క నేమి చేయునో తెలిసికొనదలచిన నేను, గుహలను విడిచి, ఊరిలో నొక నాపరాతి గని కార్మికుని పెరటికి పోయితిని.

ఈ ప్రాంతమున గచ్చు, మెట్లు, పొలము కంచె, అన్నియు నాపబండలే. ఆ యింటి యిల్లాలును పగిలిన బండలను అంచుపై నిలిపి, మూరెడెత్తున మడులు కట్టుకొనినది. కూరగాయల సేద్యమున కామె క్రొత్తది. తొలుత పాలిష్ ఫ్యాక్టరీ చెంత ఊరక దొరకిన తెల్లని పొడితో పెరటి పల్లమును పూడ్చి, దానిపైననే వంగనారు నాటినదట.

"ఆకు పసుపు అయ్యేది సూసి నీళ్లు సాల్లేదేమో అనుకుంటి సామీ. రెండు పూటలా పోస్తి. పోసేకొద్దీ ఇంకా పాలిపోయె."

దాహముచే వాడు మొక్కకును, ఇనుము అందక పాలిపోవు మొక్కకును గల భేదము ఆకును చూచిన తెలియును: ఇనుము కొఱవడినపుడు లేతాకులు ముందుగ పసుపెక్కును, ఈనెలు మాత్రము పచ్చగనే యుండును. సున్నము మిక్కుటమైన నేలలో ఇనుము లేకపోదు గాని, క్షారగుణమువలన నీట కరుగక వేళ్లకు చిక్కదు. తడి యెక్కువై మట్టిలో గాలి యాడనిచో ఆ బాధ మఱింత హెచ్చును. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదిని, 1 గ్రాము నిమ్మ ఉప్పును కలిపి, వారము వ్యవధితో రెండు మారులు ఆకులపై చల్లుట దీనికి వాడుకలోనున్న చికిత్స. ఆమె చల్లినది, పసుపు కొంత తగ్గి, క్రొత్త చిగుళ్లలో మఱల కనబడినది.

అంతట నా పొడినంతయు తవ్వి పారబోయించి, నల్లరేగడిని, మాగిన దిబ్బెరువును, కొంత వంక యిసుకను కలిపి మడులు నింపినది. పట్టణములలో మేడలపై తొట్లలో కొబ్బరిపొట్టు నింపి పెంచు తోటలను నేనెఱుగుదును. అచ్చట మట్టిని సంచులలో కొనవచ్చును, కావున దాని స్వభావమును విచారించువారు తక్కువ. ఇప్పుడీ పెరటిలో మటిక్కాయలు, బీరకాయలు ఇంటికి మిగులుచున్నవి. వంగ యిప్పుడిప్పుడే పూతకు వచ్చినది. ఎండకు బండ కాగి ప్రక్కవేళ్లను మాడ్చునని, మడి లోపలి అంచున జొన్నచొప్ప దోపినది. ఈ యుపాయమును నేనే పుస్తకమునను చదువలేదు.

నేను బయలుదేరునంతలో పొరుగింటామె గోడకవతలనుండి వంగనారు కావలెనని కేక వేసినది.

"నారు యాడికి పోతుందక్కా, ముందు బండెడు నల్లమన్ను తోలిచ్చుకో," అని యీమె బదులిచ్చి, నా చేత రెండు బీరకాయలు పెట్టినది.