పట్టు జారే వేళ్లు

షుగరుతో ఏళ్లుగా నెట్టుకొస్తున్న నాకు ఈ మధ్య చొక్కా గుండీ పెట్టుకోవడమే పెద్ద పనైంది. వేళ్ల మధ్య గుండీ ఉందో, జారిందో కళ్లతో చూస్తేగానీ తెలియదు. కాఫీ గ్లాసు వేడి ఆలస్యంగా తెలుస్తోంది. నాకు భయమంతా దానితోనే.

షుగరు వల్ల వచ్చే నరాల జబ్బు మామూలుగా పాదాల్లో మొదలవుతుంది. రాత్రిళ్లు చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారుతుంటే మాత్రం మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. షుగరున్నవాళ్లలో అదీ ఎక్కువే. పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ వేసుకుంటే చాలామందికి తెరిపినిస్తుంది. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గి కూడా తిమ్మిర్లు రావచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ల చేతిలోంచి గిన్నె జారితే విసుక్కోకండి, డాక్టరుకు చూపించండి. నరం నొక్కుకుపోయి బొటనవేలి కింది కండ కరిగిపోయాక చేతి పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.