పేరు తేలని పొట్లాలు

హనుమజ్జయంతి సంచికకు సంజీవని మీద ఏదైనా రాసుకురమ్మని మా ఎడిటర్ గారు ఒక వృక్షశాస్త్ర విభాగానికి పంపారు. హెర్బేరియం గదిలో ఆ మాట ఎత్తగానే, కిటికీ పక్కన మైక్రోస్కోపు మీద వంగి ఉన్న మాస్టారు తల కూడా ఎత్తలేదు.

"తిరనాళ్లలో అమ్ముతారు, కొనుక్కోండి. నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది. ఫొటో బాగా వస్తుంది."

ఆయన రిటైరై చాలాకాలమైంది. ఆ పోస్టులోకి మరొకరు రాలేదు కనుక ఆయనే వస్తున్నారు, జీతం లేకుండా. ల్యాబులన్నీ తిప్పి చూపిస్తామని మిగతావాళ్లు పిలిచారు గానీ నాకు ఆ కిటికీ దగ్గర్నుంచి లేవబుద్ధి కాలేదు.

మాస్టారి పని నాచుల మీద. నాచు మొక్కల్ని పూలమొక్కల్లాగా నొక్కి అట్టకు అంటించరు. గాలికి ఆరబెట్టి, కిరాణా కొట్లో చింతపండు కట్టినట్టు కాగితంలో పొట్లం కడతారు. ఏ ఊరి కొండ, రాయి మీదా బెరడు మీదా, ఏ తేదీ అన్నది పైమడత మీద రాస్తారు. ఎన్నేళ్ల తర్వాత విప్పినా ఒక నీటిచుక్క పడితే ముడుచుకున్న ఆకులు తెరుచుకుంటాయి. "ప్రాణం రాదు, రూపం వస్తుంది. నాకు రూపం చాలు" అన్నారు మాస్టారు.

నానిన చిటికెడు నాచును గాజుపలక మీద పెట్టి, ఎడమ బొటనవేలి గోటితో అదిమిపట్టి, సగానికి విరిచిన షేవింగ్ బ్లేడుతో కోస్తారాయన. ఆకు మందం చాలాచోట్ల ఒక్క కణమే. గోటి నిండా అడ్డంగా సన్నని గాట్లు. కోసిన వాటిలో ఎక్కువ భాగం పారేయాల్సిందే. పనికొచ్చిన ఒకటీ అరా సూది మొనతో స్లయిడ్ మీదికి జరుపుతారు. ఈనెలో కణాల అమరిక, అంచుల తీరు, కణాల మీద బొడిపెలు చూస్తేనే జాతి తేలేది. పక్కన, 1969 నుంచి 1980 దాకా భాగాలుగా వచ్చిన హెచ్.సి. గంగూలీ గారి తూర్పు భారత నాచుల గ్రంథం, అట్టలూడి ఉంది.

బై.పి.సి. చదివిన ప్రతివాళ్లూ పరీక్షలో ఫ్యునేరియా అనే నాచు బొమ్మ గీసే ఉంటారు. దాని సిద్ధబీజాల గుళిక మూతి చుట్టూ ఉండే పళ్లు కదులుతాయని మాత్రం నాకెవరూ చెప్పలేదు. మాస్టారు లెన్సు నా చేతికిచ్చి మెల్లగా ఊదమన్నారు. ఊపిరి తడి తగలగానే అవి నిజంగానే కదిలాయి.

సంజీవని పేరుతో అమ్మే సెలాజినెల్లా అసలు నాచే కాదు, లైకోపోడియం వర్గానికి బంధువు. వీటికి నీటిని మోసే నాళాలుంటాయి, నాచుకు ఆ స్థాయి ఏర్పాటు లేదు. 30 కోట్ల ఏళ్ల కిందట ఈ వర్గం మొక్కలు 30 మీటర్ల చెట్లుగా పెరిగాయి. ఐరోపా, అమెరికాల బొగ్గులో చాలా భాగం అవే. "సింగరేణి పేరు కలపకండి, అది గ్లాసాప్టెరిస్ అనే వేరే వర్గం చెట్ల బొగ్గు" అని నేను అడగకముందే అడ్డుపడ్డారు. 1938 అక్టోబరు 22న చెస్టర్ కార్ల్‌సన్ తీసిన తొలి జిరాక్స్ ప్రతికి వాడింది లైకోపోడియం సిద్ధబీజాల పొడే. ఈ సంగతి మాత్రం ఆయన హుషారుగా చెప్పారు.

సంజీవని ఏదై ఉంటుందని వెతికిన కె.ఎన్. గణేశయ్య బృందం 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో, చివరిదాకా నిలిచిన కొద్ది మొక్కల్లో సెలాజినెల్లా బ్రయోప్టెరిస్ ఒకటి. అప్పట్నుంచీ దాని రసాయనాల మీద పడనివాళ్లు లేరని మాస్టారి విసుగు. ఇంతలో ఒక స్కాలరమ్మాయి సంతకానికి వచ్చింది. ఆమె పని కూడా దాని మీదే.

"మొక్క ఎక్కడిదమ్మా?"

"తిరనాళ్లలో కొన్నాం సార్."

"పొట్లం కట్టి దాచారా?"

"మొత్తం పొడి కొట్టేశాం సార్."

ఆయన సంతకం పెట్టి పంపేశారు. ఆ పిల్లను ఏమనగలం? అడ్డుగోడ అవతల ఇంకో ఇద్దరు మాట్లాడుకోవడం వినబడుతూనే ఉంది: "పేర్లు తేల్చే పనికి ప్రాజెక్టు ఎవరిస్తారే? పీసీఆర్ మెషీనంటే ఇస్తారు."

నాకు మండింది ఇక్కడే. జన్యువుల పని తక్కువదని కాదు. ఫిస్కోమిట్రెల్లా అనే నాచు జన్యుపటం 2008లో వచ్చింది, ఒక సెలాజినెల్లాది 2011లో. నేల మీదికి మొక్కలు ఎలా ఎక్కాయన్న ప్రశ్నకు ఆ రెండూ పెద్ద ఆధారాలు. అయితే ఆ నాచు ల్యాబులో పుట్టలేదు. 1962లో వైట్‌హౌస్ అనే ఆయన ఇంగ్లండులోని గ్రాన్స్‌డెన్ అడవిలో దాన్ని చూసి, అదేమిటో గుర్తుపట్టి, తెచ్చి పెంచాడు. జన్యుపటం తీసింది దాని సంతతికే. ఏ కొండదో, ఏ జాతో రాసిపెట్టకుండా పొడి కొట్టిన మొక్కలో ఎంత గొప్ప రసాయనం దొరికినా రేపు దాన్ని ఎవరు సరిచూస్తారు? ఒక కాగితం, ఒక మడత ఖర్చు అది. ఆ పొట్లం లేనిదే థీసిస్ తీసుకోబోమని యూనివర్సిటీలు ఒక్క నిబంధన పెట్టలేవా?

బీరువాలో అరల నిండా "ఫిసిడెన్స్, జాతి తెలియదు" అని రాసిన పొట్లాలున్నాయి. ఈసారి భర్తీ చేసే ఖాళీల్లో వర్గీకరణ శాస్త్రం పోస్టు లేదని ఆఫీసులో చెప్పారు. మాస్టారికి ఆ జాబితా చూపిస్తే, వెనక వైపున మైక్రోస్కోపు బల్బు కావాలని రాసి తిప్పి పంపారట.