అంచున పడ్డ వెలుగు

పెద్దనాన్న ఆ లెన్సుని ‘గెలియోస్’ అనేవారు. నేను నెట్‌లో వెతికితే ‘హీలియోస్’ అని వచ్చింది. ఇద్దరం కరెక్టే. ముందు రింగు మీద పేరు రష్యన్ లిపిలో ఉంది, ఆ లిపిలో దాన్ని గెలియోస్ అనే చదవాలి. గ్రీకుల సూర్యదేవుడి పేరు. హీలియోస్ 44-2, 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. ఒక జెనిత్ కెమెరాకి బిగించి, తోలు కేసులో, కలరా ఉండల వాసనతో, ముప్ఫై ఏళ్లకు పైగా గాజువాకలో వాళ్ల బీరువా పై అరలో ఉండేది.

అది అక్కడికెలా వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టారు కదా. 1979లో ఒప్పందం, ఆ తర్వాత రష్యన్ ఇంజనీర్ల రాక. ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ 1990లో మొదలయ్యేనాటికి పెద్దనాన్న అక్కడ ఫోర్‌మన్. తనతో పనిచేసిన రష్యన్ ఆయన తిరిగి వెళ్లిపోతూ, స్నేహానికి గుర్తుగా ఈ కెమెరా ఇచ్చాడు. ఇదీ కథ. సంక్రాంతికి ఒకసారి, ఎవరి పెళ్లిలోనైనా ఒకసారి తప్పనిసరిగా వినేవాళ్లం.

రెండేళ్ల కిందట సంక్రాంతికి, ఆ కథని ఆ లెన్సుతోనే వీడియో తీద్దామనిపించింది. అప్పటికి ఆయనకి 76. నేను హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో ఒక లూమిక్స్ జీ7 కొని ఉన్నాను. పాత లెన్సుల పిచ్చి కొత్తగా పట్టిన రోజులు. 2022 నాటి ‘ది బ్యాట్‌మన్’ సినిమాకి గ్రెగ్ ఫ్రేజర్ కొన్ని చోట్ల ఈ హీలియోస్ 44-2నే వాడాడని తెలిశాక ఆ పిచ్చి ఇంకాస్త ముదిరింది. హాలీవుడ్‌లో వాడిన లెన్సు మా పెద్దమ్మ బీరువాలో ఉందంటే మాటలా!

పాత లెన్సుని కొత్త కెమెరాకి తగిలించడం కష్టమేమీ కాదు. ఎస్ఎల్ఆర్ కెమెరాలో లోపల ఒక అద్దం పైకీ కిందకీ కదలాలి. అందుకని లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఖాళీ ఉంచుతారు. జెనిత్ లాంటి ఎం42 కెమెరాల్లో లెన్సు బిగించే చోటి నుంచి ఫిల్ము దాకా 45.46 మిల్లీమీటర్లు. మిర్రర్‌లెస్ కెమెరాలో ఆ అద్దమే లేదు. నా కెమెరాలో అదే దూరం 19.25 మిల్లీమీటర్లు. తేడా 26 మిల్లీమీటర్లు. అంత పొడవున్న బోలు గొట్టం ఒకటి మధ్యలో పెడితే పని అయిపోతుంది. దాన్నే అడాప్టర్ అంటారు. లోపల ఏమీ ఉండదు, గాలి తప్ప.

చిక్కల్లా సెన్సర్‌తో. ఈ లెన్సు 36 × 24 మిల్లీమీటర్ల ఫిల్ముకి సరిపడా బొమ్మని వేస్తుంది. నా సెన్సర్ 17.3 × 13. వైశాల్యంలో నాలుగో వంతు. పెద్ద అరిటాకుకి సరిపడా వడ్డించి, కింద మాత్రం టిఫిన్ ప్లేటు పెట్టినట్టన్నమాట. ప్లేటులో పడింది మనకి, మిగతాది నేలపాలు. 58 లెన్సు కాస్తా 116 లెన్సులా ప్రవర్తిస్తుంది. దగ్గరున్నదాన్ని ఇంకా దగ్గర చేస్తుంది.

వాళ్ల ముందు గది చిన్నది. నేను గోడకి వీపు ఆనించి నిలబడినా పెద్దనాన్నకీ నాకూ మధ్య ఎనిమిది అడుగులు. ఆ దూరంలో నా ఫ్రేములో పట్టేది రెండున్నర అడుగుల వెడల్పు. ఒక మనిషి. పక్కన సోఫాలో పెద్దమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆమె ఫ్రేములోకి రాదు. రావాలని నేనూ అనుకోలేదు, కథ పెద్దనాన్నది కదా.

ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గర ఉంది. ట్యూబ్‌లైటు వెలుగు చాలక ఐఎస్ఓ 1600 పెట్టాను, నీడల్లో గరుకు. ముఖం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. పెద్దనాన్న చేతులు తిప్పుతూ చెబుతున్నారు. చేతులు ఫ్రేము దాటిపోయి మళ్లీ లోపలికొస్తున్నాయి. “ఫ్రెండ్‌షిప్ మీద ఇచ్చాడ్రా. ఒక్క పైసా అడగలేదు” అన్నారు. అప్పుడు ఎడమ వైపు నుంచి గొంతు. “ఊరికే ఎవులిస్తారేటి? నా పట్టుచీర ఇస్తేనే ఇచ్చాడు, ఆల పెళ్లానికి.” పెద్దనాన్న అటు తిరిగి, ఎవరూ లేని చోటుకేసి చూసి నవ్వారు. “దీనికేటీ తెల్దు” అన్నారు. ఆమె మళ్లీ ఏదో మొదలుపెట్టింది. వెంటనే నా గొంతు వినిపిస్తుంది. “పెద్దమ్మా, కాసేపు మాట్లాడకే, రికార్డవుతోంది.”

ఆ తర్వాత పదకొండు నిమిషాల వీడియోలో ఆమె మాట ఒక్కటీ లేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక ఫోకల్ రెడ్యూసర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. పెద్దమ్మ కోసమని చెప్పుకుంటే అబద్ధం. ఐఎస్ఓ తగ్గుతుందని, హీలియోస్‌కి పేరు తెచ్చిన ఆ సుడి కనబడుతుందని. ఈ లెన్సులో వెనకాల ఉన్న ఆకులూ లైట్లూ మధ్య చుట్టూ గిర్రున తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. కానీ ఆ సుడి బొమ్మ అంచుల్లోనే ఉంటుంది. నా సెన్సర్ అంచులన్నీ కోసేస్తోంది. నేను వాడుతున్నది హీలియోస్ అని చెప్పుకోవడానికి రింగు మీది పేరు తప్ప వేరే రుజువే లేదు.

ఫోకల్ రెడ్యూసర్ చేసే పని సులువుగానే చెప్పొచ్చు. ఆ బోలు గొట్టంలో కొన్ని గాజు కటకాలు పెడతారు. పక్కలకి పోయే వెలుగుని అవి లోపలికి వంచి, పెద్ద బొమ్మని చిన్నది చేసి సెన్సర్ మీద పడేస్తాయి. నేను కొన్నది 0.726 రెట్లది. 58 కాస్తా 42 అవుతుంది. బొమ్మలో పావు వంతు దక్కే చోట ఇప్పుడు సగం దక్కుతుంది. అదే వెలుగు తక్కువ చోటులో పడుతుంది కాబట్టి ఎఫ్/2 లెన్సు ఎఫ్/1.45లా పనిచేస్తుంది, వెలుగు ఇంచుమించు రెట్టింపు. చిన్నప్పుడు భూతద్దంతో ఎండని పోగుచేసి కాగితం కాల్చినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. కొత్త వెలుగేదీ పుట్టలేదు. పక్కన పడి పోయేదాన్ని ఏరుకున్నాం, అంతే.

ఇదేం కొత్త ఆలోచన కూడా కాదు. టెలిస్కోపులకి ఎప్పటినుంచో వాడుతున్నారు. 1995లో వచ్చిన నైకాన్ ఈ2 డిజిటల్ కెమెరా లోపల ఇలాంటి ఏర్పాటే ఉండేది, అప్పటి సెన్సర్లు మరీ చిన్నవి కాబట్టి. మిర్రర్‌లెస్ వచ్చి మధ్యలో చోటు మిగిల్చాక, 2013 జనవరిలో మెటాబోన్స్ కంపెనీ, బ్రయన్ కాల్డ్‌వెల్ డిజైన్‌తో ‘స్పీడ్ బూస్టర్’ తెచ్చింది. ఆ తర్వాత చవక రకాలు చాలా వచ్చాయి. నాది చవకది. వచ్చిన రోజున దూరంగా ఉన్నదేదీ ఫోకస్ అవలేదు. బాల్కనీలో కూర్చుని, కళ్లద్దాలు బాగుచేసే స్క్రూడ్రైవర్‌తో చిన్న మర వదులుచేసి, కటకాల దిమ్మని వెంట్రుకవాసి తిప్పి, ఎదుటి అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు స్పష్టంగా కనబడేదాకా కుస్తీ పట్టాను.

దీనికి ఖరీదు ఉంది. ఉత్త గొట్టంతో సెన్సర్‌కి దక్కేది లెన్సు మధ్యభాగం, ఏ లెన్సులోనైనా నాణ్యమైన భాగం అదే. రెడ్యూసర్‌తో అంచులూ వస్తాయి, వాటి మసకా వస్తుంది. ఎపర్చర్ బాగా మూస్తే వెలుగుకి ఎదురుగా బొమ్మ మధ్యలో నీలం మచ్చ. శుభ్రమైన బొమ్మే కావాలంటే ఉత్త గొట్టమే మేలు.

నేను పుస్తకాల మీద అప్పుడప్పుడూ రాస్తుంటాను. వెనక్కి చూసుకుంటే నా సమీక్షలన్నీ ఉత్త గొట్టం రకమే. పుస్తకం మొత్తం నా మీద పడుతుంది, నా సైజుకి పట్టిన మధ్యభాగం తీసుకుని, ఇదే పుస్తకం అంటాను. పదునుగా రాశావని ఫ్రెండ్స్ అంటారు. పదును ఎక్కడినుంచి వచ్చిందో ఈ మధ్యే అర్థమైంది.

ఆ జూన్‌లో పెద్దనాన్నకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, మాట. మనిషి అర్థం చేసుకుంటారు, మాట మాత్రం బయటికి రాదు. “ఆ... ఆ...” దగ్గర ఆగిపోతుంది. జనవరిలో తీసిన ఆ పదకొండు నిమిషాలే ఆయన గొంతు ఇప్పుడు. వైజాగ్‌లో అన్నయ్య పిల్లలు దాన్ని ఫోన్లో పెట్టుకుని చూస్తున్నారని తెలిసి గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

దసరాకి వెళ్లాను. కెమెరా తీయాలని లేదు, పెద్దమ్మే అడిగింది. “మరి ఆయన కథ పూర్తి చెయ్యవేటి?” అదే గది, అదే గోడ, అదే ట్యూబ్‌లైటు. ఐఎస్ఓ 800. ఎనిమిది అడుగుల దూరంలో ఇప్పుడు మూడడుగుల నాలుగంగుళాలు పడుతోంది. పెరిగింది పది అంగుళాలు. పెద్దమ్మని మధ్యలో పెట్టాను. ఆమె పక్కన కుర్చీలో పెద్దనాన్న, ఫ్రేములో ఎడమ భుజం, చెయ్యి, ముఖంలో సగం.

ఆమె కథంతా చెప్పింది. రష్యన్ ఆయన భార్య ఆవకాయ తిని ఏడ్చిన సంగతి, మా ఇంట్లో ఎవరికీ తెలియనివి ఇంకా ఎన్నో. చివరికి కెమెరా దగ్గరికొచ్చింది. “నా పట్టుచీర ఒకటి ఇచ్చాను, ఆకుపచ్చది.”

ఫ్రేము అంచున, లెన్సు మసక మొదలయ్యే చోట, పెద్దనాన్న ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచింది. రెండు వేళ్లు.

పెద్దమ్మ అటు చూసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “అవునవును, రెండు” అంది. “గులాబీది మర్చిపోయాను. ఈయనకి గుర్తుంది.”

పాత అడాప్టర్‌తో అయితే ఆ చెయ్యి ఫ్రేములో ఉండేది కాదు. రెండు వీడియోలూ కలిపి ఒకటి చేద్దామని చాలాసార్లు కూర్చున్నాను. మొదటిదాంట్లో ఆయన మాట ఉంది, ఆమె లేదు. రెండోదాంట్లో ఆమె ఉంది, ఆయన మాట లేదు. కలవలేదు. మొదటిదాంట్లో నా గొంతు, ఆ “మాట్లాడకే”, కత్తిరించేయొచ్చు. ఉంచాను.